పెండ్లి పందిరిలో దేవదూతలు



ఒక చిన్న పిల్ల అడిగిన ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేకపోతిని. ఆ దినమునుండి అది నా మనస్సులో ముల్లువలె గుచ్చుచునే యున్నది. ఈ నాలుగు మాటలు ఆ పిల్లకు ఇవ్వవలసిన జవాబు. ఆలస్యముగా ఇచ్చుచున్నాను.

తిరువళ్లూరు ప్రాంతములోని మన సంఘములలో ఒకదానిలో పెండ్లి కుదిరినది. పేర్లు చెప్పను. చెప్పినయెడల ఒక కుటుంబము తల దించుకొనవలసి వచ్చును. నిజమునకు తప్పు వారిదొక్కరిదే కాదు. వధువు చదువుకొని చెన్నైలో ఉద్యోగము చేయుచున్న బిడ్డ. తిరుత్తణి నుండి వచ్చు లోకల్ రైలులో దినమును నిలువుకాళ్ల మీద వెళ్లి వచ్చు పిల్ల. వరుడు నెల్లూరు వైపువాడు. ఆషాఢమాసములో ఇక్కడ ముహూర్తములు ఉండవు గనుక కల్యాణ మంటపము అద్దె తగ్గించి ఇచ్చిరి. అంతవరకు అంతా బాగున్నది.

అలంకరణ చేయువాడు తన ఫోనులో కొన్ని చిత్రములు చూపించెను. అందులో ఒకటి "దేవదూతల పెండ్లి". వేదిక అంతటా దూదితో మేఘములు, వధూవరుల కుర్చీల వెనుక మనిషి ఎత్తు థర్మోకోల్ రెక్కలు, నేలమీద పొగ వచ్చు యంత్రము, వధువుకు ముందు తెల్ల గౌనులు తొడుగుకొని, వీపున రెక్కలు కట్టుకొని పూలు చల్లుచు నడచు ఆరుగురు చిన్నపిల్లలు. వధువు అది చూచి ముచ్చటపడెను. తల్లిదండ్రులు ఒక్కగానొక్క కూతురు గదా అని ఒప్పుకొనిరి.

మన సండే స్కూలులో ఆ వయస్సు ఆడపిల్లలు పదకొండుమంది యున్నారు. కావలసినది ఆరుగురు. ఎంపిక ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆలయపు వరండాలో జరిగెను. ఒక పిల్ల ముందుకు వచ్చినప్పుడు పెద్దవారిలో ఒకరు, "ఈ పిల్లకు తెల్ల గౌను నప్పదులేమ్మా, ఫోటోలో ముఖం కనబడదు" అనిరి. కొందరు నవ్విరి. ఆ పిల్ల వెనుకకు వెళ్లి తన అవ్వ ప్రక్కన కూర్చుండెను. కొంతసేపటికి అడిగెను: "అవ్వా, దూతలందరూ తెల్లగానే ఉంటారా?" ఆ అవ్వ నావైపు చూచి, "మీరు పెద్దలు గదా, చెప్పండయ్యా" అనెను. నేను నవ్వి, ఆ పిల్ల తల నిమిరి, ఇంటికి వచ్చితిని.

పెండ్లి అనుకొన్నట్లే జరిగెను. ఆరుగురు నడచిరి. ఆ పిల్ల మూడవ వరుసలో అవ్వతో కూర్చుండి చూచెను.

ఇది పాపమా?

మొదట ఎదుటి పక్షము వాదన న్యాయముగా వినవలెను. వేడుక చేసికొనుట పాపము కాదు. రెక్కల బొమ్మ పెట్టుటయే తప్పు అని చెప్పుటకు కూడ వీలులేదు. నిర్గమకాండము 25వ అధ్యాయములో మందసము మీద బంగారు కెరూబులను చేయుమని దేవుడే మోషేకు ఆజ్ఞాపించెను. 1 రాజులు 6వ అధ్యాయములో సొలొమోను ఒలీవ కఱ్ఱతో పదేసి మూరల ఎత్తుగల రెండు కెరూబులను చేయించి గర్భాలయములో నిలిపెను. అందము దేవుని ఎదుట అసహ్యమైనది కాదు. వలస వచ్చి, ఇరుకు ఇండ్లలో బ్రతికి, పిల్లలను చదివించిన తల్లిదండ్రులకు ఒక్కరోజు మేఘముల మీద నిలువబడవలెనన్న కోరిక కలిగినయెడల దానిని ఎగతాళి చేయుట ప్రేమ కాదు. మన తాతలలో కొందరు నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి రైలెక్కి వచ్చినవారు. తిరుత్తణి వైపు తెలుగువారైతే కదలకుండనే పరాయి రాష్ట్రమువారైరి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు కదలి, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి అప్పటి మద్రాసు రాష్ట్రములో చేరెను. ఎట్లు వచ్చినవారమైనను, "మేమును ఒకరమే" అని నలుగురిలో చూపించుకొనవలెనన్న ఆశ మనలో ఉన్నది. ఆ ఆశను నేను నిందింపను.

కాబట్టి రెక్కలు పెట్టవచ్చునా కూడదా అనునది అసలు ప్రశ్న కాదు. పెండ్లిలో దూత అని మనము ఎవరిని పిలుచుచున్నాము, ఎవరిని దూత కాదనుచున్నాము? ఇదే ప్రశ్న.

రెక్కలు ఎక్కడనుండి వచ్చినవి?

వేదిక మీద మనము నిలుపుచున్న దూత పరిశుద్ధ గ్రంథమునుండి నేరుగా వచ్చినవాడు కాడు. యెషయా 6వ అధ్యాయములోని సెరాపులకు ఆరేసి రెక్కలు, యెహెజ్కేలు 1వ అధ్యాయములోని జీవులకు నాలుగేసి రెక్కలు ఉన్న మాట నిజమే. అయితే వారిని చూచినవారు ముచ్చటపడలేదు. యెషయా తన అపవిత్రతను తలంచుకొని విలపించెను, యెహెజ్కేలు సాగిలపడెను. మనుష్యుల యొద్దకు వర్తమానము తెచ్చిన దూతలలో అనేకులకు రెక్కల ప్రస్తావనయే లేదు. మమ్రే దగ్గర అబ్రాహాము ఎండవేళ ముగ్గురు మనుష్యులను చూచి, చెట్టుక్రింద కూర్చుండబెట్టి భోజనము పెట్టెను. గిద్యోను యొద్దకు వచ్చినవాడు బాటసారివలె మస్తకివృక్షము క్రింద కూర్చుండెను. మానోహకు తన యెదుట నున్నవాడు దూత అని మొదట తెలియనే లేదు.

తొలి క్రైస్తవులు కూడ అట్లే తలంచినట్లున్నది. రోము నగరములోని ప్రిస్కిల్ల భూగర్భ సమాధులలో బహు పురాతనమైన చిత్రమొకటి ఉన్నది. మరియకు వర్తమానము చెప్పుచున్న గబ్రియేలు చిత్రమని పలువురు పండితుల అభిప్రాయము. అందులోని గబ్రియేలుకు రెక్కలు లేవు. సాధారణమైన మనుష్యునివలె చేయి చాచి మాటలాడుచున్నాడు. రెక్కల దూతలు క్రైస్తవ చిత్రములలో నాలుగవ శతాబ్దపు చివరి భాగమునుండి కనబడుదురు. బుగ్గలు నిండిన పసిబిడ్డల దూతలైతే పాత రోమీయుల మన్మథ శిశువుల బొమ్మలను ఇటలీ శిల్పులు, చిత్రకారులు మరల తెచ్చుకొనుటవలన వచ్చినవారు. గ్రీటింగు కార్డుల మీద, బిస్కట్ డబ్బాల మీద గడ్డము చేతిమీద ఆనించుకొని పైకి చూచు ఇద్దరు బుజ్జి దూతలను మీరందరు చూచియుందురు. వారు 1512 ప్రాంతములో రఫేలు వేసిన సిస్టైన్ మడోన్నా అను చిత్రపటము అడుగున ఉన్నవారు. ఆ పటము నేడు జర్మనీలోని డ్రెస్డెన్ నగరములో ఉన్నది.

తెల్ల గౌను సంగతి కూడ అంతే. 1840 ఫిబ్రవరిలో విక్టోరియా రాణి తెల్లని దుస్తులలో పెండ్లి చేసికొనిన తరువాత ఆ వాడుక ఐరోపాలో విస్తరించెను. ఆమెకు మునుపు అక్కడి పెండ్లికూతుండ్రు అనేక రంగులు ధరించెడివారు. మన తెలుగు దేశములో ఎఱ్ఱ అంచుగల తెల్లని మధుపర్కములు పెండ్లి బట్టలుగా పూర్వమునుండి ఉన్నవి. ఇవన్నియు వాడుకలు. వాడుకలో చెడు లేదు. కాని వాడుకను వాక్యమని తలంచి, దాని కొలతతో బిడ్డలను కొలుచుట చెడు.

దూతలు ఏ రంగు?

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు వచ్చెదను. సమాధి యొద్ద కనబడిన దూతల వస్త్రములు తెల్లనివని సువార్తలు చెప్పుచున్నవి. వస్త్రములు మాత్రమే! వారి చర్మపు రంగును గూర్చి ఒక్క మాటయు లేదు. పరలోకమునుండి వచ్చిన పురుషుని కాళ్లు చేతులు ఎట్లున్నవో చెప్పిన చోటు దానియేలు 10వ అధ్యాయము. అచ్చట ఆ పురుషుని భుజములును పాదములును మెరుగుపెట్టిన ఇత్తడివలె ఉండెనని వ్రాయబడినది. మన ఇంటిలో చింతపండు వేసి తోమి ఎండలో బోర్లించిన ఇత్తడి బిందె ఏ రంగులో మెరయునో చూడుడి. అది సున్నపు తెలుపు కాదు.

పెండ్లికూతురి సంగతి చూతమా? పరమగీతము మొదటి అధ్యాయములోనే వధువు తాను నల్లనిదాననియు, అయినను సౌందర్యవతిననియు సిగ్గుపడక చెప్పుకొనుచున్నది. ఎండ తగిలి, ద్రాక్షతోటలలో పనిచేసి అట్లైతినని కారణము కూడ చెప్పుచున్నది. ఎండలో పనిచేసి నల్లబడిన మన తల్లులను ఎరిగిన మనకు ఈ మాట దూరమైనది కాదు. సంఖ్యాకాండము 12వ అధ్యాయములో మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లి చేసికొనెనని మిర్యాము ఆక్షేపించెను. ఆ సంభాషణను దేవుడు వినెనని వ్రాయబడినది. వరండాలో మనము మాటలాడుకొను మాటలను కూడ ఆయన వినును. అప్పుడు దేవుని కోపము కూషు స్త్రీ మీదికి రాలేదు. ఆక్షేపించినవారి మీదికి వచ్చెను.

అమ్మా, నా చిట్టితల్లీ, ఇదే నీకు జవాబు: దూతలందరు తెల్లగా ఉందురని దేవుడు ఎక్కడను చెప్పలేదు. మేమే చెప్పితిమి. తప్పు చెప్పితిమి.

దూత అనగా ఎవరు?

హెబ్రీలో "మలాక్" అను మాటకును, గ్రీకులో "అంగెలోస్" అను మాటకును అర్థము ఒక్కటే: పంపబడినవాడు, వర్తమానము మోయువాడు. మన తెలుగు మాటకు కూడ అదే అర్థము. దూత అని పిలుచుట అందమును బట్టి కాదు, పనిని బట్టి. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయములో వారు పరిచారము చేయుటకు పంపబడిన సేవకులైన ఆత్మలని ఉన్నది. ప్రకటన 22లో యోహాను దూత పాదములయొద్ద సాగిలపడగా ఆ దూత ఒప్పుకొనక, తాను కూడ తోటి దాసుడనే అని చెప్పెను. మనుష్యులు తనను చూచుచు నిలిచిపోవుట దూతకు ఇష్టము లేదు.

ఇంకొక సంగతి ఆలోచింపుడి. మత్తయి 22వ అధ్యాయములో ప్రభువు, పునరుత్థానమందు పెండ్లి ఉండదనియు, అక్కడివారు దూతలవలె ఉందురనియు చెప్పెను. అనగా దూతలు పెండ్లి చేసికొననివారు! పెండ్లి మనుష్యులది. వండుట, ఉతుకుట, అలుగుట, క్షమించుట, జ్వరము వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండుట, ఇవి రెక్కలు లేనివారికి దేవుడిచ్చిన వరములు. ఒక బిడ్డను మొదటి దినమున దేవదూతగా నిలిపి, మరునాటినుండి దూతవలె అలసట లేనిదిగా, కోపము లేనిదిగా, ఎదురు చెప్పనిదిగా ఉండవలెనని అత్తింటివారు చూచినయెడల ఆ రెక్కలు ఆమెకు బరువగును. వరునికి కావలసినది దేవదూత కాదు, భార్య. వధువుకును అట్లే.

ప్రభువు హాజరైన పెండ్లి యోహాను 2లో ఉన్నది. కానాలో దూతలు కనబడలేదు. ద్రాక్షారసము అయిపోయెను, ఆ ఇంటివారి పరువు పోవలసిన గడియ అది. ప్రభువు రాతి బానలను నీళ్లతో నింపుమని పరిచారకులతో చెప్పెను. బానలు ఆరు, ఒక్కొక్కటి రమారమి నూరు లీటర్లు పట్టునవి. ఎవరు మోసిరి? పరిచారకులు. అద్భుతము ఎక్కడనుండి వచ్చెనో విందు ప్రధానికి తెలియదు, నీళ్లు తోడిన పరిచారకులకు తెలిసెను. వరుని పరువు కాపాడబడిన సంగతి విందులో చాటించబడలేదు. పేదింటి సిగ్గును చడిచప్పుడు లేకుండ కప్పుట ప్రభువు పెండ్లికి ఇచ్చిన కానుక. మనము పెండ్లిలో చేయుచున్నది దీనికి తిరుగుడుగా ఉన్నది. ఉన్నదానిని మించి చూపించి, లేనిదానిని అప్పుతో కప్పుచున్నాము.

ఖర్చు ఎవరు మోయుదురు?

లూకా 14లో గోపురము కట్టువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనడా అని ప్రభువు అడిగెను. మంటపము అద్దె, అలంకరణ, వీడియో, ఫ్లెక్సు బోర్డు, బిరియాని; తరువాత కుదువ కొట్టులో నగలు. అదియు చాలనియెడల ఇక్కడివారు కందువట్టి అను అధిక వడ్డీ అప్పు. దానిని అరికట్టుటకు తమిళనాడు ప్రభుత్వము 2003లో ప్రత్యేక చట్టమునే చేసెను. దూది మేఘములు మరునాడు చెత్తకుప్పలో ఉండును. వడ్డీ మాత్రము మూడేండ్లు ఇంటిలో ఉండును. ఇక 1961లోనే నిషేధింపబడిన కట్నము రెక్కల వెనుక చేతులు మారినయెడల ఏ దూత ఆ పెండ్లిని ఆశీర్వదించును?

ఆడంబరము ఖర్చును ఒక్కొక్కసారి పెండ్లివారు కాక దారిన పోవువారు చెల్లింతురు. 2019 సెప్టెంబరులో చెన్నై పల్లికరణై దగ్గర ఒక రాజకీయ నాయకుని ఇంటి పెండ్లికి కట్టిన బ్యానరు స్కూటరు మీద పోవుచున్న 23 ఏండ్ల యువతి మీద పడెను. ఆమె రోడ్డు మీద పడగా వెనుక వచ్చుచున్న లారీ క్రింద ప్రాణము పోయెను. ఆ పెండ్లివారు ఎవరిని చంపవలెనని కోరలేదు. పదిమందికి కనబడవలెనని మాత్రమే కోరిరి. వరండాలో నవ్వినవారు కూడ పిల్లను నొప్పింపవలెనని కోరలేదు. ఫోటో బాగుండవలెనని మాత్రమే కోరిరి. రెండు సంగతులు ఒక్కటి కావు, కాని వాటి వేరు ఒక్కటే: కనబడవలెనన్న ఆశలో ప్రక్కనున్న మనిషి కనబడకపోవుట.

నేను మోయని వర్తమానము

పెండ్లియైన కొన్ని నెలలకు ఆ వధువు పుట్టింటికి వచ్చి ఆరాధనకు వచ్చెను. మాటల మధ్య ఆ సంగతి ఆమెకు తెలిసెను. ఆమె ముఖము చిన్నబోయెను. "నాకు ఎవరూ చెప్పలేదే అయ్యగారూ! చెప్పి ఉంటే పదకొండుమందినీ నడిపించేదాన్ని. లేకపోతే రెక్కలే వద్దనేదాన్ని" అని కన్నీళ్లు పెట్టుకొనెను.

ఆమె మాట నన్ను పట్టుకొనెను. ఎవరును చెప్పలేదు. వేదిక మీద ఆరుగురు దూతలున్నారు, వర్తమానము మోసినవాడు ఒక్కడును లేడు! అవ్వ నన్ను అడిగినప్పుడు నేను చేయవలసిన పని అదే. నాలుగు అడుగులు నడచి, ఆ తల్లితో మెల్లగా, "అమ్మా, ఒక పిల్ల మనస్సు నొచ్చినది" అని చెప్పవలసినది. అంతే. దానికి రెక్కలు అక్కరలేదు, గౌను అక్కరలేదు, తెల్లని ముఖము అక్కరలేదు. ధైర్యము కావలెను. సంఘములో పెద్ద అను పేరు పెట్టుకొని ఆ చిన్న దూత పనిని నేను చేయలేదు. పెండ్లివారు బాధపడుదురని మౌనముగా ఉంటినని అప్పుడు నాకు నేను చెప్పుకొంటిని. నిజమేమనగా, విందులో నా మర్యాద తగ్గునని భయపడితిని.

ఆ వధువు అవ్వ ఇంటికి వెళ్లి పిల్లను దగ్గరకు తీసికొనెను. పిల్ల ఏమియు అనలేదు. పిల్లలు క్షమింతురు; కాని మరచిపోవుదురని నేను అనుకొనను.

మనము ఏమి చేయుదము?

బాప్టిస్టు సంఘములలో పైనుండి ఆజ్ఞ జారీ చేయువారు లేరు. ప్రతి సంఘము ప్రార్థించి తానే తీర్మానించుకొనవలెను. కాబట్టి ఇది ఆజ్ఞ కాదు, మనవి.

దూతల వేషము వేయింపగోరినయెడల సండే స్కూలు పిల్లలందరిని పిలువుడి. అందరికి గౌనులు కుట్టించు స్తోమతు లేనియెడల ఎవరికిని వద్దు. ఉన్న ఆదివారపు బట్టలతోనే పూలు పట్టుకొని నడువనియ్యుడి. బిడ్డల రంగును గూర్చి ఆలయ ఆవరణములో మాటలాడినవారిని పెద్దలు ప్రక్కకు పిలిచి ప్రేమతో చెప్పవలెను. అలంకరణకు పెట్టు సొమ్ములో కొంత తీసి, లూకా 14లో ప్రభువు చెప్పినట్లు, తిరిగి పిలువలేనివారికి ఒక పంక్తి భోజనము పెట్టుడి. ప్రభువు చెప్పిన మాటలలో దూతలు చేతులమీద కొనిపోయిన మనుష్యుడు ఒక్కడే కనబడుచున్నాడు: ధనవంతుని వాకిట పడియున్న లాజరు. మంటపము గేటు దగ్గర విస్తరాకుల కొరకు నిలిచినవారిని చూచినప్పుడు ఇది జ్ఞాపకము చేసికొనుడి.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము కూడ మేఘములను అడుగలేదు. అధికారముగల సేవకుని, కనీసము ఇద్దరు సాక్షులను అడిగినది. సాక్షి అనగా చూచినది చెప్పువాడు. పెండ్లికి వచ్చిన మనమందరము సాక్షులమే. ఆ దంపతులకు కష్టము వచ్చిన దినమున తలుపు తట్టి మంచి మాట చెప్పవలసినవారము మనమే.

హెబ్రీయులకు 13లో, ఆతిథ్యము చేసి కొందరు ఎరుగకయే దూతలకు చోటిచ్చిరని ఉన్నది. ఎరుగకయే! కాబట్టి ఎవరు దూతయో ఎంపిక చేయు పని మనది కాదు. మూడవ వరుసలో అవ్వ ప్రక్కన కూర్చున్న పిల్ల ఆ దినమున నాయొద్దకు ఒక వర్తమానము తెచ్చెను. నేను గుర్తింపలేదు.

గొఱ్ఱెపిల్ల పెండ్లివిందుకు మనలను పిలిచిన ప్రభువు, ఎవరిని వెనుక వరుసలో విడువని పెండ్లిండ్లు మన సంఘములలో జరుగునట్లు కృప చూపునుగాక. ఆమేన్.